మునెమ్మ ఎత్తిన తెల్లగుడ్డ

2024 వేసవి. ఎన్నికల కోడ్ అమలులో ఉన్న రోజులు. తిరుపతిలో మా కేబుల్ ఛానల్ ఎడిటింగ్ గదిలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ డబ్బా మూత తీస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నర అయింది. ఫోన్ మోగింది. మునెమ్మక్క.

"పాపా, ఆ రాతి మీద గుడ్డను నేను ఎడం చేత్తో ఎత్తినానని నువ్వు యాడన్నా రాసినావా?"

"ఎవరన్నారక్కా?"

"పంచాయతీ ఆఫీసు కాడ అంటాండారు. ఎడం చేత్తో గుడ్డెత్తినావంట, కుడి సంకలో బిందె ఉండాదంట, పేర్లు సదివించుకున్నావంట అని ఒగాయన కాయితం సూసి సదివినట్టు సదవతాండాడు. నువ్వు తీసింది టీవీలో ఇంగా రాలేదు గదా మే?"

రాలేదు. డబ్బా మూత నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ దృశ్యం చూసిన పెద్దవాళ్ళం లోకంలో ముగ్గురమే. తీసిన కెమెరామన్ ఖాదర్, ఎడిట్ చేసిన నేను, ఒకసారి చూసి తలూపిన మా ఓనర్ రెడ్డెప్పన్న. ఇక "ఎడమ చేత్తో గుడ్డ అంచు ఎత్తుతుంది, కుడి చంకలో బిందె" అన్న మాటలు రాసి ఉన్నది ఒకే ఒక్క చోట. నేను టైపు చేసి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టి, ముందురోజు మధ్యాహ్నం ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇచ్చి వచ్చిన కాగితాల్లో. ఒక్క రోజు కూడా తిరక్కుండా ఆ మాటలు ఊళ్ళో మునెమ్మక్క ముందర నిలబడ్డాయి.

భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నాకు కోపం రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది చిన్న ఛానల్. తిరుపతిలోను, చుట్టుపక్కల మండలాల్లోను కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్ళలో వస్తుంది. పొద్దున భక్తి, మధ్యాహ్నం వంటలు, సాయంత్రం ఏడున్నరకు అరగంట స్థానిక కార్యక్రమం. ఆ అరగంట స్లాట్ నాది. స్లాట్ అంటే ప్రసారంలో ఒక కార్యక్రమానికి కేటాయించిన సమయం. విషయం వెతకడం, స్క్రిప్టు రాయడం, ఎడిటింగ్, బొమ్మ వెనక వినిపించే వాయిస్ ఓవర్, అన్నీ నేనే. జర్నలిజం డిప్లొమా చేసి ఈ పనిలో చేరి తొమ్మిదేళ్ళయింది. ఇద్దరు ఆడపిల్లలూ ఈ ఉద్యోగం చేస్తుండగానే పుట్టారు. పెద్దది సహన రెండో తరగతి ముగించింది. చిన్నది మేఘనకు నాలుగేళ్ళు. వేసవి సెలవుల్లో పగలు ఇద్దరూ మా అత్తగారి దగ్గర ఉంటారు. సాయంత్రం ఏడున్నరకు మాత్రం టీవీ ముందుంటారు. అమ్మ గొంతు వస్తుందని.

ఆ వేసవిలో నేను తీసిన డాక్యుమెంటరీ ఒక నీళ్ళ ట్యాంకు గురించి. నగరి బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటోలో ఇంకొంచెం పోతే ఒక పల్లె. పేరు రాయను. ఇప్పటికే ఒకసారి రాసి తప్పు చేశాను. ఆ పల్లెలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. దాని కాళ్ళ దగ్గర మూడు శిలాఫలకాలు ఉన్నాయి. ఒకటి శంకుస్థాపనది. ఒకటి ప్రారంభోత్సవానిది. మూడోది మరమ్మతులు చేసి మళ్ళీ ప్రారంభించినందుకు. వాటి మీద అన్ని పార్టీల పేర్లూ ఉన్నాయి. ట్యాంకులో మాత్రం నీళ్ళు లేవు. పైపులు వేశారు, బోరు ఎండిపోయింది, ఇంకో బోరు వేస్తామన్నారు, వేయలేదు. ఆడవాళ్ళు మామిడితోపు అవతల ఒక రైతు బోరు దగ్గరికి పోయి బిందెలతో తెచ్చుకుంటారు. కరెంటు ఎప్పుడుంటే అప్పుడు పోవాలి.

మునెమ్మక్క వాళ్ళలో ఒకామె. వయసు యాభై దాటింది. చదువు లేదు. ఎండాకాలం కరువు పనికి పోతుంది. ఉపాధి హామీ పనిని మావైపు జనం ఇప్పటికీ అలాగే అంటారు. మాట మాత్రం కత్తి. మేము షూటింగుకు పోయినప్పుడు మూడు రాళ్ళకూ తెల్లగుడ్డలు చుట్టి తాళ్ళు కట్టి ఉన్నాయి. ఎన్నికల కోడ్ వస్తే విగ్రహాలకూ, నాయకుల పేర్లున్న శిలాఫలకాలకూ ఇలా ముసుగు వేయడం రివాజు. తెలిసి కూడా, కెమెరా కోసమని అడిగాను.

"ఈ రాళ్ళకు ముసుగేందక్కా?"

"ఎలచ్చన్లు గదా పాపా. పేరు కనపడితే జనం ఓట్లేసేస్తారని కప్పినారంట. కొత్త గుడ్డ సూడు, ఉతికింది గూడా కాదు. ఇదేదో మాకిచ్చింటే బిందె మూతికి కట్టుకొని నీళ్ళు వడగట్టుకొని ఉందుము."

ఖాదర్ నవ్వాపుకోలేక కెమెరా కదిలించేశాడు. ఆ షాట్ ఊగింది. అయినా నేను తీసేయలేదు.

"దాని కింద ఏముందో ఒకసారి చూపిస్తావా అక్కా?" అన్నాను. అడిగింది నేను. ఇది ఎవరూ మర్చిపోకూడదని రాస్తున్నాను. ఆమె తనంతట తాను ఆ గుడ్డ జోలికి పోలేదు.

కుడి చంకలో బిందె అలాగే పెట్టుకుని, ఎడమ చేత్తో గుడ్డ అంచు ఎత్తింది. "నాకు సదువు రాదు. నువ్వు సదువు పాపా, ఎవరెవరు నీళ్ళిచ్చినారో నేనూ ఇంటాను" అంది. నేను ఒక పేరు చదివాను. "ఈయన ఇచ్చినాడా?" అని ట్యాంకు వైపు చూసింది. రెండో పేరు చదివాను. మళ్ళీ ట్యాంకు వైపు చూసింది. మూడో పేరు దగ్గర బిందె ఇంకో చంకకు మార్చుకుని, "ఇంక సాల్లే, కరెంటు పోతాది" అని నడిచి వెళ్ళిపోయింది.

నా తొమ్మిదేళ్ళ పనిలో అంత మంచి నిమిషం నాకు ఎప్పుడూ దొరకలేదు.

నేను భయస్తురాలిని. మా ఆయన ఎగతాళి చేసేంత భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వస్తాను. ఎడిటింగులో కూడా అంతే. ఆ రాళ్ళ మీది పేర్లన్నిటినీ బ్లర్ చేశాను, అంటే కనపడకుండా మసక చేశాను. నేను చదివిన పేర్ల మీద బీప్ శబ్దం వేశాను. ఏ పార్టీ జెండా, ఏ గుర్తూ, ఏ నాయకుడి ముఖమూ ఆ ఇరవై రెండు నిమిషాల్లో లేకుండా చూసుకున్నాను. అయినా మనసు కుదుటపడలేదు. అందుకని ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. ఆ జాగ్రత్తే మా కొంప ముంచింది.

ఎన్నికల కాలంలో టీవీలో, కేబుల్‌లో వచ్చే రాజకీయ ప్రకటనలను ముందుగా ఒక కమిటీ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది మంచి నిబంధనే. డబ్బిచ్చి అబద్ధాలు ప్రసారం చేయించుకోకుండా ఆపడానికి పెట్టింది. అది ప్రకటనలకే వర్తిస్తుంది. వార్తలకూ, మేము సొంతంగా తీసే కార్యక్రమాలకూ ముందస్తు అనుమతి అక్కర్లేదు. వాటిలో తప్పుంటే ప్రసారమయ్యాక ఫిర్యాదు చేయవచ్చు, చర్య తీసుకోవచ్చు. ఇదంతా నాకు తెలుసు. కానీ చిన్న ఛానళ్ళలో ఒక అలవాటు ఉంది. ఎన్నికలొస్తే అనుమానమున్న ప్రతిదాన్నీ కమిటీకి పంపేస్తాం. ముద్ర పడిన కాగితం ఫైల్లో ఉంటే రేపు ఎవరూ అడగరని. ఓ బట్టల దుకాణం ప్రకటనలో ఓనరు మెడలో ఒక రంగు కండువా ఉందని దాన్ని కూడా పంపిన ఘనులం మేము.

రెడ్డెప్పన్న వద్దనే అన్నాడు. "ఏంటికమ్మా, అడగనోళ్ళ దగ్గరికి పోయి మనమే నిలబడేది?" అన్నాడు. నేనే వినలేదు.

ఆ ఫారం ప్రకటనల కోసం తయారైంది. ఏ అభ్యర్థి ప్రయోజనం కోసం అని ఒక గడి. "వర్తించదు" అని రాశాను. ఖర్చు ఎవరు పెట్టారు అని ఒక గడి. "ఛానల్ సొంత కార్యక్రమం" అని రాశాను. దానితోపాటు ట్రాన్స్‌స్క్రిప్ట్ జతచేయాలి. అంటే బొమ్మలో ఏం కనపడుతుంది, ఎవరేం మాట్లాడుతున్నారు, ఒక్క మాట వదలకుండా రాసిన కాగితం. పనిలో నీటుగా ఉంటానని నాకు పేరు. మాట్లాడిన మనిషి పేరు, ఇంటిపేరు, వయసు, ఊరు, చేసే పని, గుడ్డ ఏ చేత్తో ఎత్తిందో అన్నీ రాసి రెండు ప్రతులు ఇచ్చాను.

నాయకుల పేర్లన్నీ దాచాను. మునెమ్మ పేరు మాత్రం ఇంటిపేరుతో సహా నా చేత్తో రాసి ఇచ్చాను.

ఆ ఫోన్ వచ్చిన గంటకు నేను ఆ ఆఫీసులో ఉన్నాను. ఫైలు చూసే అధికారి మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, మజ్జిగ తెప్పించాడు. ఆ మర్యాదే నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టింది.

"సార్, నేనిచ్చిన ట్రాన్స్‌స్క్రిప్ట్ ఊళ్ళో వాళ్ళ చేతికి పోయింది."

"పోవడమేంది మేడం? రిపోర్టు కోసం మేమే మండలానికి పంపినాము. వాళ్ళు పంచాయతీకి పంపింటారు. అందులో ఉన్నది నిజమో కాదో తెలుసుకోవద్దా?"

"ఎవరి మీద చెప్పిందో వాళ్ళ దగ్గరికే, చెప్పిన మనిషి పేరుతో సహా పంపుతారా?"

"పేరు రాసిచ్చింది మీరే గదా."

వేరే వైపు నుంచి మొదలుపెట్టాను. "సార్, ఇది ప్రకటన కాదు. మాకు ఎవరూ డబ్బివ్వలేదు. ఏ అభ్యర్థీ ఇందులో లేడు. దీనికి సర్టిఫికెట్ అవసరమే లేదు."

"అవసరం లేకపోతే ఫారం ఎందుకు నింపినారు?" ఆయన ఫారం నా వైపు తిప్పి, కింద నా సంతకం మీద పెన్ను పెట్టి చూపించాడు. "ప్రకటన అని మీరే సంతకం చేసినారు. లాభం ఎవరికి అన్న దగ్గర వర్తించదు అని రాస్తే మా ఫైలు ముందుకు కదలదు మేడం. ఎవరో ఒకరికి లాభం ఉండాల గదా."

"నీళ్ళొస్తే మునెమ్మకు లాభం సార్."

ఆయన నవ్వాడు. "ఆమె పోటీ చేస్తాండాదా?"

పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు కూడా నవ్వారు. నేను దరఖాస్తు వాపసు ఇమ్మన్నాను. రిపోర్టు వచ్చేదాకా ఇవ్వడం కుదరదన్నాడు. "ఈలోపు ప్రసారం చేస్తే, అనుమతి పెండింగులో ఉండగా చేసినట్టు అవుతుంది. ఆలోచించుకోండి. మీరు చిన్న ఛానల్" అని మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు.

అదీ సంగతి. అడగకపోయుంటే మాకు హక్కు ఉండేది. అడిగిన పాపానికి అది వాళ్ళ దయ అయిపోయింది.

వెనక్కి వచ్చి రెడ్డెప్పన్నకు చెప్పాను. ఆయన తిట్టలేదు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. మా మేడ మీద ఒక గదిలో హెడ్‌ఎండ్ ఉంటుంది. ఇంటింటికీ సిగ్నల్ పంపే యంత్రాలన్నీ ఉండే చోటు అది. కేబుల్ చట్టం ప్రకారం అధికారులు తలచుకుంటే ఆ యంత్రాలను జప్తు చేయవచ్చు. "నాకుండేది ఈ ఒగ గదమ్మా" అన్నాడు. "దీని మీద ముప్పై కుటుంబాలు బతకతాండాయి. నువ్వు రాసింది అబద్ధమని నేననడం లేదు. కాయితం రానీ, ఏసేద్దాం."

కాగితం రాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు నలభై ఎనిమిది గంటలు టీవీలో ఎన్నికలకు సంబంధించినది ఏదీ చూపించకూడదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో నూట ఇరవై ఆరో సెక్షన్. మా వాళ్ళు సైలెన్స్ పీరియడ్ అంటారు. జనం నిమ్మళంగా ఆలోచించుకోవడానికి ఇచ్చిన వ్యవధి అది. దాన్ని కూడా నేను తప్పు పట్టను. కానీ దేన్నైనా ఆపాలంటే కాదనక్కర్లేదు. ఆ గంట వచ్చేదాకా ఫైలు మీద చెయ్యి పెట్టి కూర్చుంటే చాలు. కాదంటే మేము ఎందుకని అడుగుతాం. చూస్తున్నామంటే ఏమని అడుగుతాం?

ఆ వారమంతా నా చేత్తో నేను సర్టిఫికెట్ ఉన్న ప్రకటనలు ప్రసారానికి పెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఒక పార్టీ తర్వాత ఇంకో పార్టీ. వాటిలో ప్రతి కొళాయి నుంచీ నీళ్ళు దూకుతున్నాయి. ఒకదానిలో ఒక చిన్నపిల్ల దోసిట్లో నీళ్ళు పట్టుకుని నవ్వుతుంది. ఆ కొళాయి ఏ ఊళ్ళో ఉందని ఎవరూ రిపోర్టు అడగలేదు. ఆ పిల్ల పేరు, ఇంటిపేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. డబ్బు కట్టి చెప్పిన మాటకు ముద్ర పడింది. ఊరికే చెప్పిన నిజానికి విచారణ పడింది.

నాలుగో రోజు మునెమ్మక్క మళ్ళీ ఫోన్ చేసింది.

"పాపా, మస్టర్‌లో నా పేరు లేదంట."

మస్టర్ అంటే కరువు పనిలో ఆ వారం ఎవరెవరికి పని ఉందో రాసే హాజరు పట్టీ. అందులో పేరు లేకపోతే పోయి మట్టి తవ్వినా తవ్వనట్టే.

"ఎందుకు లేదంటక్కా?"

"కంప్యూటర్‌లో రాలేదంటాడు. కంప్యూటరుకు నా మీద కోపమెందుకుంటాది మే? గుడ్డ ముట్టుకున్నందుకు కేసు గూడా పెడతారని ఒగడు, ఆ టీవీ పాప నీకెంతిచ్చిందని ఇంకొగడు. నువ్వేమిచ్చినావు నాకు? బిందె ఎత్తుకోని మూడు తూర్లు నడిపించినావు, కెమెరాకు సరిగ్గా రాలేదని."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అక్కా, నీ ముఖం మసక చేస్తాను. పేరు తీసేస్తాను."

"ఇప్పుడా? ఊరంతా తెలిసినాక ఎవరికి మసక? వద్దు. ఎయ్యి, నా మొగముతోనే ఎయ్యి. కానీ ఓట్లకు ముందరే ఎయ్యి. ఓట్లయిపోతే నా మాట ఎవురింటారు, నా పని ఎవురిస్తారు?"

ఆ భారం నా మీద పడింది. డాక్యుమెంటరీ వస్తే కనీసం నలుగురికి తెలుస్తుంది, ఒక ఆడమనిషి నోరు తెరిచినందుకు పని తీసేశారని. రాకపోతే, నోరు తెరిచినందుకు శిక్ష ఉంది, మాట మాత్రం ఎవరికీ వినపడదు. ఆ ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. ఇది ప్రకటన కాదని, దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నానని, ట్రాన్స్‌స్క్రిప్ట్ బయటికి పోవడం వల్ల ఒక కూలిమనిషికి నష్టం జరిగిందని. ప్రతిదానికీ అందినట్టు సంతకం చేయించుకున్నాను. ప్రతి సాయంత్రం సహన అడిగేది. "అమ్మా, ఈరోజు వస్తాదా బిందె పెద్దమ్మ?" ఇంట్లో ఎడిట్ చేసేటప్పుడు నా భుజం మీదుగా చూసి ఆ పేరు పెట్టింది. వీధిలో పిల్లకాయలందరికీ చెప్పేసింది కూడా.

శనివారం సాయంత్రం ఆరింటికి సైలెన్స్ పీరియడ్ మొదలైంది. ఆరూ పదికి ఆఫీసు నుంచి అటెండరు మోటారుసైకిల్ మీద వచ్చి, కవరు ఇచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడు. లోపల ఒకే పేజీ. "పరిశీలించగా ఇది రాజకీయ ప్రకటన కిందికి రానందున ముందస్తు సర్టిఫికెట్ అవసరం లేదని తెలియజేయడమైనది." కింద బుధవారం నాటి తేదీ.

రెండుసార్లు చదివాను. నేను మొదటిరోజు ఆ కుర్చీలో కూర్చుని చెప్పిన మాటే. బుధవారం రాసి, సంతకం చేసి, గురువారం, శుక్రవారం, శనివారం దాన్ని ఎక్కడో ఒక సొరుగులో పడుకోబెట్టి, తలుపు మూసేసిన పది నిమిషాలకు తాళంచెవి చేతికిచ్చారు.

"ఎవుడో బాగా లెక్కేసినాడమ్మా" అన్నాడు రెడ్డెప్పన్న, కాగితం వెలుతురుకు పెట్టి చూస్తూ. "ఎంత పని ఒత్తిడో, ఎలచ్చన్ డ్యూటీలు గదా, అంటారు అడిగితే."

"అన్నా, నీళ్ళు లేని ట్యాంకు ఎన్నికల విషయమెలా అవుతుంది? ఇప్పుడైనా వేద్దాం."

"అది కోర్టులో గెలిచే మాటే. ఈరోజు రాత్రికి మాత్రం నా గదికి సీలు పడతాది." ఆయన కళ్ళు దించుకున్నాడు. నేను ఆయన్ని బలవంతపెట్టలేదు.

మునెమ్మక్కకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఓట్లయ్యేదాకా ఇక రాదని చెప్పాను. దూరంగా ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"వాళ్ళ బొమ్మలు నెల పొద్దులు ఆడినాయి గదా పాపా, మా ట్యాంకుకు అరగంట ల్యాకపోయిందా?" అంది. తర్వాత, కోపం లేకుండా, అదే నాకు ఇంకా గుచ్చుకుంటోంది, "నా పేరు రాసిచ్చేటప్పుడు నన్ను ఒగ మాట అడగాల్సింది మే. నేను వద్దనేదాన్ని గాదు. అయినా అడగాల్సింది" అంది.

ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. పోలింగ్ అయిన రెండో రోజు డాక్యుమెంటరీ ప్రసారం చేశాం. అప్పటికి జనమంతా ఎవరు గెలుస్తారని పందేల్లో ఉన్నారు. ఒక్క ఫోన్ వచ్చింది, అది కూడా నేపథ్యంలో వచ్చిన నాదస్వరం ఎవరిదని అడగడానికి. మునెమ్మక్క పేరు మస్టర్‌లోకి మూడు వారాల తర్వాత ఎక్కింది. నా ఉత్తరాల వల్ల కాదు. ఆమె జట్టు ఆడవాళ్ళు ఆమె లేకుండా మేమూ పనికి పోమని మండల ఆఫీసు మెట్ల మీద కూర్చున్నందువల్ల. కోడ్ అయిపోగానే రాళ్ళ మీది గుడ్డలు తీసేశారు. పేర్లు మళ్ళీ మెరుస్తున్నాయి. ట్యాంకు అలాగే ఉంది. ట్రాన్స్‌స్క్రిప్ట్ బయటికి పోయిందని నేను రాసిన ఫిర్యాదుకు "పరిశీలనలో ఉన్నది" అని ఒక జవాబు వచ్చింది. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఎన్నికలప్పుడు జాగ్రత్తగా ఉండడం ఎలాగని. జాగ్రత్త అనే మాటను నేను ఇంతకుముందు వాడినట్టు ఇప్పుడు వాడను. చట్టం ఇచ్చిన హక్కును మనమే తీసుకుపోయి ఒక కౌంటర్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం జాగ్రత్త కాదు. మనల్ని నమ్మి మాట్లాడిన మనిషి పేరును, ఆమెను అడక్కుండా ఏ కాగితం మీదా పెట్టకపోవడం జాగ్రత్త. నేను రెండింటినీ తారుమారు చేశాను. ఇక్కడ ఆమె పేరు మాత్రం ఆమెను అడిగే రాశాను. ఆ ఆఫీసు వాళ్ళ మీద కోపం ఎంత ఉందో, నా మీద కూడా అంతే ఉంది. కానీ ఒక తేడా ఉంది. నా తప్పు నేను ఒప్పుకున్నాను.

ఆ శనివారం ఇంటికి వెళ్ళేసరికి సహన, మేఘన, వీధిలోని ఇంకో నలుగురు పిల్లలు చాప మీద టీవీ ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద ఎవరో హారతి ఇస్తున్నారు. సహన నన్ను చూసింది, తెరను చూసింది. మిగతా పిల్లలు లేచి వెళ్ళిపోయారు. అన్నాలు పెట్టి పడుకోబెట్టాను.

మర్నాడు పొద్దున పాలు తాగుతూ అడిగింది. "అమ్మా, బిందె పెద్దమ్మ రాకుండా ఎందుకు పోయింది? నువ్వేమన్నా తప్పు చేసినావా?"

ఎవరో పెద్దవాళ్ళు ఆపారు, నీకు అర్థం కాదులే అనబోయాను. నోటిదాకా వచ్చింది. మింగేసి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"చేసినాను. వాళ్ళ ఊళ్ళో నీళ్ళు రావడం లేదని చెప్పేదానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నేను భయపడి పోయి అడిగినాను. అడిగినందుకు వాళ్ళు ఆపేసినారు. అది వాళ్ళ తప్పు. ఆ పెద్దమ్మ పేరు ఆమెను అడక్కుండా వాళ్ళకు రాసిచ్చినాను. అది నా తప్పు. ఫోన్‌లో చెప్తే సరిపోదు. ఆమె ముందర నిలబడి చెప్పాల. మీరూ రండి, చెప్పులేసుకోండి, తొమ్మిదిన్నర బస్సుకు పోదాం. బాటిళ్ళు ఈడే నింపుకోండి. దాహమైనా సరే, ఆ ఊళ్ళో మాత్రం ఎవరినీ నీళ్ళడగొద్దండి."